అబద్ధ సాక్ష్యం

మన ఆడవాళ్ళలో ఒక చిత్రమైన అలవాటుంది. మీరు లేదన్నా నేను ఉందనే అంటాను. నాలో ఉంది గనక. ఎవరైనా మన చీర చూసి "ఎంత బావుందండీ!" అన్నారనుకోండి. "ఆఁ, పాతదే లెండి, తగ్గింపు ధరలో కొన్నది" అంటాం. మీవాడికి మంచి మార్కులొచ్చాయటగా అంటే "ఏదో, ఈసారి పేపరు తేలిగ్గా ఇచ్చార్ట" అంటాం. చేపల పులుసు బావుందంటే చింతపండు ఎక్కువైందంటాం. నిజానికి చింతపండు ఎక్కువేం కాలేదు. పులుసు బ్రహ్మాండంగా కుదిరిందని వండిన మనకీ తెలుసు, తిన్నవాళ్ళకీ తెలుసు. అయినా ఆ మాట అనకుండా మన నోరు ఊరుకోదు. దీనికి మనం పెట్టుకున్న పేరు వినయం.

నేనూ చాలా ఏళ్ళు వినయమనే అనుకున్నాను. అది వినయం కాదనీ, దానికి వేరే పేరొకటి ఉందనీ మా మేనత్త చెప్పేదాకా తెలియలేదు. అప్పటికి నాకు 46 ఏళ్ళు. చెప్పించుకోవడానికి మరీ ఆలస్యమైందని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. కాని ఆ మాట నేను విన్న రాత్రి మాత్రం మా ఇంట్లో ఎవరికీ నవ్వే ఓపిక లేదు.

ముందు నా సంగతి చెప్పాలి. ఆరో తరగతిలో ఉండగా ఒకనాడు లెక్కల మాస్టారు నన్ను నల్లబల్ల దగ్గరికి పిలిచి భిన్నాల కూడిక చెయ్యమన్నారు. పైవి పైవి కలిపి, కిందవి కిందవి కలిపి పారేశాను. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నా చేతిలోని సుద్దముక్క తీసుకుని, "ఈ పిల్ల బుర్రలోకి లెక్కలు ఈ జన్మకి ఎక్కవు. పో, కూర్చో" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఎండాకాలం, ఒంటిపూట బడి, గది నిండా పిల్లలు. ఆ మాట ఆయన సాయంత్రం కాఫీ తాగే వేళకే మరిచిపోయి ఉంటారు. నేను మాత్రం 35 ఏళ్ళు దాచుకున్నాను. పెళ్ళిలో పెట్టిన నగలు కూడా అంత భద్రంగా దాచుకోలేదు.

ఆ ఒక్క మాట మీద ఎన్ని కట్టుకున్నానో చూడండి. లెక్కలుండవని ఇంటర్లో ఆర్ట్సు తీసుకున్నాను, బి.ఎ. చదివాను. అంతవరకూ నష్టం లేదు. సాహిత్యం నాకు అన్నం పెట్టింది. కాని బ్యాంకు పాస్‌బుక్కు తెరిచి చూసిన పాపాన పోలేదు. నా నవలలకి వచ్చే చెక్కు మీద ఎంతుందో చూడకుండా మావారి చేతికిచ్చేదాన్ని. కూరల బండి అతను "లెక్క చూసుకోండమ్మా" అంటే, "నాకు లెక్కలు రావులే నాయనా" అనేదాన్ని. ఇది మా ఇంట్లో అందరికీ ఒక వేడుక. "మా ఆవిడకి రెండూ రెండూ కూడాలన్నా నేనే కావాలి" అని మావారు చుట్టాల ముందు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. అందరం నవ్వుతూంటే పక్కన కూర్చుని ఒక చిన్నపిల్ల వింటోందన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ చిన్నపిల్ల పెద్దదై ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసింది. ఏప్రిల్లో ఫలితాలొచ్చాయి. ఇదివరకు పేపర్లో నంబరు వెతుక్కునేవాళ్ళం. నాన్న వెతుకుతూంటే గుండెలరచేతిలో పెట్టుకుని నిలబడేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లోనే వచ్చేస్తున్నాయి. పిల్ల తన ఫోను తనే చూసుకుంది, ఏమీ మాట్లాడకుండా లేచి తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. లెక్కల్లో తప్పింది.

ఫలితాల మర్నాడు పత్రికల్లో ఎలాంటి వార్తలు వస్తాయో తల్లులైన మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ గడియ చప్పుడు విన్నాక నా కాళ్ళలో సత్తువ పోయింది. తలుపు కొట్టాను. పలకలేదు. "నీకేం తక్కువే? నువ్వు బంగారానివి! నీ అంత తెలివైనపిల్ల ఈ వీధిలోనే లేదు" అన్నాను. లోపల్నించి చాలాసేపటికి గొంతు వినిపించింది.

"అబద్ధాలు చెప్పకమ్మా. మనింట్లో ఆడవాళ్ళకి లెక్కలు రావని నువ్వే అంటావుగా. నేనూ నీలాంటి దాన్నే. నాకేదీ చాతకాదు."

అమ్మమ్మ గొలుసు మనవరాలికి వస్తుంది, వంటింటి చిట్కాలు కూతురికి వస్తాయి. నేను దాచుకున్న సొమ్ము కూడా అలాగే చేతులు మారిందని ఆ తలుపు ముందు నిలబడి తెలుసుకున్నాను.

అప్పుడు మా మేనత్త వచ్చింది. ఆవిడకి 78 ఏళ్ళు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా జీవితమంతా పనిచేసి, ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. నన్ను పక్కకి జరగమని సైగ చేసి, తలుపు దగ్గర నోరు పెట్టి, "అమ్మడూ! నా సూదిలో దారం ఎక్కడం లేదే. కళ్ళు కనపడ్డం లేదు. ఒక్కసారి వచ్చి ఎక్కించి పో" అంది. అంతే. పరీక్ష మాట లేదు, దేవుడి మాట లేదు. రెండు నిముషాలు గడిచాయి. నాకవి రెండేళ్ళు. తర్వాత గడియ తీసిన చప్పుడైంది. పిల్ల ఎర్రబడిన కళ్ళతో వచ్చి దారం ఎక్కించింది. ఆవిడ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇంత పెరుగన్నం తినిపించి, తన మంచం మీదే పడుకోబెట్టి, నిద్రపోయేదాకా అరికాళ్ళు రాసింది.

రాత్రి పదకొండింటికి వరండాలో కూర్చుని నన్ను పిలిచింది. "ఏమే, పిల్లకేం చెప్పావు?"

"బంగారానివి, నీ అంత తెలివైనపిల్ల లేదు అన్నాను."

"అది నిజం కాదని దానికి తెలుసు. దాని కంటే చురుకైనవాళ్ళు దాని క్లాసులోనే ఉన్నారు. సరే, అంతకు ముందు పదహారేళ్ళూ ఏం చెప్పావు?"

"నేనేం చెప్పాను అత్తయ్యా?"

"దానికి కాదులే, నీకు నువ్వు చెప్పుకున్నావు. అది విన్నది. నాకు లెక్కలు రావు, నేను మొద్దుని, నాకేం చాతనవును... పొద్దున లేస్తే నేనూ వింటూనే ఉన్నాను. పది ఆజ్ఞలు నీకు నోటికొచ్చు కదూ?"

"వచ్చు."

"అబద్ధ సాక్ష్యం సంగతి ఏముంది అందులో?"

"పొరుగువాళ్ళ మీద చెప్పకూడదని."

"మరి నీ మీద నువ్వు చెప్పుకోవచ్చని ఎక్కడుంది?"

నా దగ్గర జవాబు లేదు. మాది గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబం. 1842లో హయ్యర్ దొర గుంటూరు వచ్చి మిషన్ పెట్టాడు. ఆయన వెనక వచ్చిన బడుల్లోనే మా ముందు తరాలవాళ్ళు అక్షరాలు దిద్దారు. మార్టిన్ లూథర్ 1529లో ఇంటి పెద్దలు పిల్లలకి నేర్పుకోవడానికి ఒక చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం రాశాడు. అది మాకు చిన్నప్పుడు బట్టీ పట్టించేవారు. ఈ ఆజ్ఞని లూథరన్లు ఎనిమిదోదంటారు, తక్కిన ప్రొటెస్టెంట్లు చాలామంది తొమ్మిదోదంటారు. లెక్కలు రాని నేను ఆ తగాదాలోకి ఎన్నడూ వెళ్ళలేదనుకోండి! కాని దాని కింద లూథర్ రాసిన వివరణ నాకు గుర్తుంది. పొరుగువాడి గురించి అబద్ధం చెప్పకపోవడంతో సరిపోదు, అతని తరఫున మాట్లాడాలి, అతను చేసిన దానికి వీలైనంత మంచి అర్థం చెప్పాలి అంటాడు. నేను పక్కింటావిడ గురించి అలాగే మాట్లాడతాను. పనమ్మాయి గ్లాసు పగలగొడితే "పోన్లే, చెయ్యి జారింది" అంటాను. నా చేతిలో గ్లాసు పగిలితే మాత్రం "నా మొహానికి ఏ పనీ చాతకాదు" అంటాను. ఒకే గ్లాసు, రెండు తీర్పులు!

నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టే పొరుగువాణ్ణి ప్రేమించమని ఉంది కదా. అందులో గజంబద్ద ఎవరు? నేనే. గజంబద్దే పొట్టిదైతే దానితో కొలిచిన గుడ్డంతా తరుగే. నా బద్దతో నా కూతుర్ని కొలిచాను. ఆ అమ్మాయి పొట్టిదైపోయింది.

మర్నాటి నుంచి ఈ విషయం మీద నా దగ్గరున్న పుస్తకాలన్నీ దుమ్ము దులిపాను. మనసులోని చెడ్డ నమ్మకాలని పోగొట్టుకోవడం ఎలా అని ఈ నూరేళ్ళలో చాలామంది రాశారు. ఫ్రాన్సులో ఎమిల్ కూయే అని ఒక మందుల షాపు ఆయన ఉండేవాడు. 1926లో పోయాడు. నేను బాగుపడుతున్నానని రోజూ పడుకోబోయే ముందూ, లేవగానే పదేపదే అనుకుంటే అలాగే అవుతామన్నాడు. న్యూయార్కులో నార్మన్ విన్సెంట్ పీల్ అనే పాస్టరుగారు 1952లో 'ది పవర్ ఆఫ్ పాజిటివ్ థింకింగ్' రాశాడు. ప్రార్థననీ, ఆత్మవిశ్వాసాన్నీ కలిపి చెప్పాడు. అది లక్షల్లో అమ్ముడుపోయింది. మా నాన్నగారి బీరువాలోనూ ఒక ప్రతి ఉండేది, చాలా పేజీల్లో పెన్సిలు గీతలతో. ఆ పుస్తకాల వల్ల బాగుపడ్డవాళ్ళు లేరనను. కాని తలుపు ముందు నేను చేసిన వైద్యం అదే, అది పనిచెయ్యలేదు. "నేను మొద్దుని" అన్న అబద్ధానికి "నువ్వు మేధావివి" అన్న అబద్ధాన్ని విరుగుడుగా పోశాను. పిల్ల నాలిక మీదే కనిపెట్టి ఉమ్మేసింది.

అమెరికాలోనే ఆరన్ బెక్ అని ఒక మానసిక వైద్యుడు ఉండేవాడు. 2021లో, 100 ఏళ్ళు నిండాక పోయాడు. దిగులుతో ఉన్నవాళ్ళ మనసులో వాళ్ళకి తెలియకుండానే కొన్ని మాటలు తిరుగుతుంటాయని ఆయన 1960ల్లో గమనించాడు. నేను పనికిరాను, నాకెప్పుడూ ఇంతే, ఇక మీదటా ఇంతే — ఇలాంటివి. ఆ మాటల్ని కాగితం మీద పెట్టించి, "దీనికి సాక్ష్యం ఏమిటి? దీనికి వ్యతిరేకంగా సాక్ష్యం ఏమైనా ఉందా?" అని రోగి చేతే విచారణ చేయించే పద్ధతి ఒకటి తయారుచేశాడు. ఆయన పాస్టరు కాడు, డాక్టరు. అయినా సాక్ష్యం అనే మాట దగ్గర మా అత్తయ్యా, ఆయనా కలిశారు. పొగుడుకోమని ఇద్దరూ చెప్పలేదు. నిజం చెప్పమన్నారు.

పౌలు రోమీయులకి రాసిన ఉత్తరంలో పన్నెండో అధ్యాయం చూడండి. మనసు కొత్తదై మీరు మారండి అని చెబుతాడు. ఇది అందరూ ఎత్తి చూపే మాటే. దాని వెంటనే వచ్చే మాటని మాత్రం దాటేస్తాం. మిమ్మల్ని మీరు ఉన్నదానికంటే ఎక్కువగా ఎంచుకోకండి, తెలివిలో ఉండి సరిగ్గా ఎంచుకోండి అంటాడు. సరిగ్గా! త్రాసు ముల్లు మధ్యన నిలవాలన్నమాట. ఎక్కువ తూచడం మోసమైతే తక్కువ తూచడమూ మోసమే. బంగారం కొట్లో మనం మొదటిదానికే దెబ్బలాడతాం.

బైబిలులో తమని తాము తక్కువ తూచుకున్న పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. మోషేని ఫరో దగ్గరికి వెళ్ళమంటే తనకి మాటలు రావంటాడు, నాలుక తిరగదంటాడు. గిద్యోను శత్రువులకి భయపడి ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్ళగొట్టుకుంటూంటే, దూత వచ్చి పరాక్రమవంతుడా అని పిలుస్తాడు. ఆయన మాది బలహీనమైన కుటుంబం, అందులో నేను అందరికంటే చిన్నవాణ్ణి అంటాడు. ఇక్కడ నాకు నచ్చిన సంగతొకటుంది. దేవుడు మోషేతో "నువ్వు మహా వక్తవి" అనలేదు. మాటలు రావన్న సంగతి కాదనలేదు. తోడుంటానన్నాడు, అన్న అహరోనుని వెంట ఇచ్చాడు. పిల్లకి లెక్కలు కష్టంగా ఉన్నాయంటే, తేలికే అని మనం దబాయించక్కర్లేదు. పక్కన కూర్చోవాలి. ఎవరైనా చెప్పేవాళ్ళని చూడాలి.

ఏలీయా కథ అయితే మా అత్తయ్య ఎంత బాగా జీర్ణం చేసుకుందో నాకు అప్పుడర్థమైంది. రాణి యెజెబెలుకి భయపడి అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక బతకనక్కర్లేదు అన్నాడాయన. అంత మాటన్న ప్రవక్తకి దేవదూత ఉపన్యాసం ఇవ్వలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ నిద్రపోతే లేపి మళ్ళీ పెట్టాడు. మాటలు చాలా తర్వాత వచ్చాయి. ముందు పెరుగన్నం, నిద్ర. అయినా మబ్బు వీడకుండా వారాల తరబడి దిగులు పట్టుకుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. "ప్రార్థన సరిగ్గా చెయ్యడం లేదు" అని ఆ మనిషిని ఇంకా కుంగదియ్యడం క్రైస్తవమూ కాదు, మానవత్వమూ కాదు. ఈ మాట జీవితమంతా వార్డుల్లో గడిపిన మా అత్తయ్యదే.

ఇక్కడ మీలో ఒకరు నన్ను నిలదీయవచ్చు. "ఆదివారం గుడికి వెళ్ళి పాపులం, అపాత్రులం అని ఏడ్చేది మీరే కదా! మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోవడం మీ మతమే నేర్పుతోంది కదా!" అని. న్యాయమైన ప్రశ్నే. నన్నూ చాలాకాలం వేధించింది. కొందరి ప్రసంగాలు వింటే మనిషి పురుగు కంటే హీనమనే అనిపిస్తుంది. ఇంటికొచ్చాక అన్నం కూడా సహించదు.

దీనికి నాకు దొరికిన జవాబు ఒకే రాత్రి తప్పు చేసిన ఇద్దరు శిష్యుల్లో ఉంది. యూదా గురువుని పట్టిచ్చాడు. పేతురు ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు అన్నాడు. ఇద్దరూ తర్వాత కుమిలిపోయారు. యూదా తప్పు ఒప్పుకున్నాడు, 30 వెండి నాణేలూ తిరిగిచ్చాడు. కాని ఎవరి దగ్గరికి వెళ్ళాడు? యాజకుల దగ్గరికి. వాళ్ళు అది మాకేం సంబంధం, నువ్వే చూసుకో అన్నారు. ఆ తర్వాత తన మీద తనే తీర్పు చెప్పేసుకున్నాడు. పేతురు మాత్రం తక్కినవాళ్ళతో కలిసే ఉన్నాడు. ఏ మొహం పెట్టుకుని ఉన్నాడో గాని ఉన్నాడు. చేపలకి వెళ్ళి తెల్లారి తిరిగొచ్చేసరికి ఒడ్డున నిప్పుల మీద చేపలు కాలుతున్నాయి, రొట్టె ఉంది. వండి పెట్టినవాడు యేసు. యోహాను సువార్తలో ఈ నిప్పులు రెండుసార్లే కనిపిస్తాయి. పేతురు చలి కాచుకుంటూ ఆయన్ని ఎరగనన్నదీ నిప్పుల దగ్గరే, ఇప్పుడు ఫలహారం తింటున్నదీ నిప్పుల దగ్గరే. తినడం అయ్యాక, నా మీద ప్రేముందా అని మూడుసార్లు అడిగాడు. ఎరగనన్న మూడుసార్లకీ మూడు. ప్రతిసారీ ఒక పని కూడా అప్పజెప్పాడు, నా గొర్రెలని చూసుకోమని.

"తప్పు చేశాను" అనడం వేరు, "నేనే ఒక తప్పు" అనడం వేరు. మొదటిది పశ్చాత్తాపం, అది ఇంకొకరి వైపు తిరుగుతుంది, తలుపు తీస్తుంది. రెండోది గడియ పెట్టుకుంటుంది. తలుపు ఇవతల ఉన్న మనం "నువ్వే చూసుకో" అంటున్నామా, నిప్పులు రాజేసి ఇంత వండుతున్నామా అన్నది మన చేతుల్లో ఉంది.

ఇంకో సంగతి. అబద్ధ సాక్ష్యం ఒక మాస్టారే చెప్పాలని లేదు. కొన్నిసార్లు ఊరు ఊరంతా చెబుతుంది. మా ముత్తవ్వతో ఊరు అదే చెప్పింది: నీ నీడ పడకూడదు, నీకు అక్షరం అక్కర్లేదు, నువ్వు పుట్టిందే ఇందుకు అని. తరతరాలుగా అందరూ ఒకే మాట చెబితే అది అబద్ధమని ఎలా తోస్తుంది? ఆవిడకి ఎవరో ఒక బైబిలు స్త్రీ వచ్చి, నువ్వు దేవుడి పోలికలో పుట్టావు అని చెప్పిందట. ఆ మాట నమ్మి తన కూతుర్ని బోర్డింగు బడికి పంపింది. వినుకొండలో 1895లో పుట్టిన జాషువాకీ ఊరు అదే సాక్ష్యం చెప్పింది. ఆయన 1941లో 'గబ్బిలం' రాసి ఊరికి జవాబిచ్చాడు. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అలాంటి అబద్ధాన్ని దులిపేసుకున్న ముత్తవ్వకి మునిమనవరాలినై ఉండి, ఒంటిపూట బడిలో ఒక మాస్టారు విసుగులో అన్న మాటకి 35 ఏళ్ళు తల వంచుకున్నాను. సిగ్గనిపించింది. అంటే, ఆ పని చేసినందుకు సిగ్గు. నేనంటేనే సిగ్గు కాదు. చూశారా, తేడా పట్టుబడుతోంది!

ఇదంతా పక్కింటి పిన్నిగారితో చెబితే, "మా గీతలోనూ ఉందమ్మా, మనిషికి తనే చుట్టం, తనే శత్రువు, తనని తానే పైకెత్తుకోవాలని" అంది. బావుందన్నాను. "మా దాంట్లో కొంచెం తేడా పిన్నిగారూ. ఎత్తుకోలేనప్పుడు పైనుంచి ఒక చెయ్యి వస్తుందంటాం" అన్నాను. ఆవిడ కాసేపాలోచించి, "చెయ్యి వచ్చినా అందుకోవద్దూ!" అంది. ఇద్దరం ఒప్పుకున్నాం.

ఇక అసలు సంగతి. ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో అత్తయ్య మా అమ్మాయి చేత మత్తయి సువార్తలోని తలాంతుల కథ చదివించింది. యజమాని ఊరికి వెళుతూ ఒకడికి అయిదు, ఒకడికి రెండు, ఒకడికి ఒక్క తలాంతు ఇస్తాడు. ఒక్కటి దొరికినవాడు భయపడి దాన్ని భూమిలో పాతిపెడతాడు.

"పాపం, వాడికి ఒక్కటేగా ఇచ్చాడు అమ్మమ్మా" అంది పిల్ల.

"ఒక్కటంటే ఎంతో చూడు."

వెతికి చూసింది. ఒక తలాంతు 6000 దేనారాలు. దేనారం అంటే ఒక రోజు కూలి. అదే సువార్తలో ద్రాక్షతోట కూలీలకి ఇచ్చింది అంతే. ఏడాదికి 300 రోజుల పని అనుకుంటే ఎన్నేళ్ళ కూలి? ఆ ప్రశ్న రాగానే అందరూ మావారి వైపు చూశారు. అత్తయ్య మాత్రం నా వైపు చూసింది. కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో వేశాను. చేతులు వణికాయంటే నమ్ముతారా? 20 ఏళ్ళు! మా వీధిలో రోజు కూలి 600 రూపాయలనుకుంటే, 36 లక్షలు! "ఒక్కటే" అని వాడు గోతిలో పెట్టింది 36 లక్షలన్నమాట. చిన్నదేం కాదు. చిన్నదనుకున్నాడు, అంతే. పైగా యజమాని కఠినుడని ఆయన మీద కూడా సాక్ష్యం చెప్పాడు.

ఆ ఊపులో మా అమ్మాయితో, "నాకు భిన్నాల కూడిక నేర్పవే" అన్నాను. అది నా మొహం కేసి వింతగా చూసి, వంటింట్లోంచి రెండు అట్లు తెచ్చింది. ఒకదాంట్లో సగం, ఇంకోదాంట్లో మూడో వంతు కోసింది. "నువ్వు చేసినట్టు పైవి పైవి, కిందవి కిందవి కలిపితే అయిదింట రెండు వంతులొస్తుంది. అంటే సగం కంటే తక్కువ. సగం అట్టుకి ఇంకా కొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా అమ్మా?" అంది. తగ్గదు! ఎంత చక్కటి మాట! 35 ఏళ్ళలో ఎవరూ నాకీ మాట చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. రెండింటినీ ఆరేసి ముక్కలుగా అనుకుని మూడూ రెండూ కలిపితే ఆరింట అయిదు వంతులని తేలింది. నాకొచ్చేసింది. అంతకంటే ముఖ్యం, చెప్పేటప్పుడు దాని మొహం చూశాను. లెక్కలు రాని పిల్ల మొహంలా లేదది. డాక్టర్ బెక్ అడిగే ఎదురు సాక్ష్యం నా కళ్ళ ముందే ఉంది.

ఆ తర్వాత కాలనీలో ఉన్న ఒక ట్యూషన్ మాస్టారి దగ్గర చేరింది. సప్లిమెంటరీ రాసింది. ఫలితాలు ఇంకా రాలేదు. ప్యాసవుతుందో లేదో నాకు తెలియదు. "అయినా, కాకపోయినా ఒక పేపరు గురించే గాని, నా గురించి కాదు" అని అదే అంటోంది. ఆ మాట పూర్తిగా నమ్మిందో, నా కోసం అంటోందో కూడా తెలియదు. గదికి గడియ మాత్రం పెట్టుకోవడం లేదు.

నా సంగతంటారా, పాస్‌బుక్కు నెలకోసారి చూస్తున్నాను. ఒకచోట తేడా పట్టుకుని మావారిని నిలదీశాను కూడా. అలవాటు ఒక్కనాటితో పోదు. రోజుకోసారైనా "నా మొహం" అనబోయి నాలిక కరుచుకుంటాను. మొన్నాదివారం భోజనానికొచ్చిన ఒకావిడ పులుసు కలుపుకుని, "ఎంత బాగా కుదిరిందండీ!" అంది. చింతపండు నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురుగా మా అమ్మాయి ముద్ద చేత్తో పట్టుకుని నా వైపే చూస్తోంది.

"అవునండీ, బాగా కుదిరింది. ఇంకో ముక్క వేసుకోండి" అన్నాను.